ఎవరిదీ విమానము?

ఒంటెద్దు బండికి యజమాని పేరు కలదు. చేపలపడవకు నంబరు కలదు. సంతలో తూనికరాతికి ప్రభుత్వపు ముద్ర కలదు. ముద్ర లేని రాతితో తూచిన వర్తకునకు జరిమానా విధించుటకు అధికారి యెన్నడును జాగు చేయడు. కాని వంశధార మీదుగా, నాగావళి మీదుగా, చంపావతి మీదుగా మన నెత్తిపై ఎగిరిపోవు విమానమెవరిదని పొలములోని రైతు అడిగినచో గ్రామాధికారికి తెలియదు, ఉపాధ్యాయునకు తెలియదు, పోలీసు స్టేషనులో తెలియదు. “ఎవరో పెద్దలది, ప్రభుత్వము వారిది” అని చెప్పి అందరును తల దించుకొందురు. ఈ తల దించుకొనుటయే మా ఫిర్యాదు.

ప్రభుత్వము వారి విమానమనగా ప్రజల విమానము. దాని రెక్కకు, తోకకు, ఇంధనమునకు, దానిని నడపు వాని జీతమునకు మన పన్నులే ఆధారము. దాని మీద వ్రాసిన అక్షరములు అలంకారమునకై వ్రాసినవి కావు. శ్రీముఖలింగపు గుడిరాళ్ళమీద గాంగరాజులు శాసనములు చెక్కించినది దారిన పోవువాడు చదువుకొనుట కొరకే. విమానపు తోకమీది నంబరు నేటి శాసనము. అది చదువ రాని ప్రజకు శాసనము ఉండియు లేనట్లే.

ఇది గొప్ప విద్యయేమియు గాదు. ఒక పూట శ్రద్ధగా వినినచో పదేండ్ల బాలుడు నేర్వగలడు. విమానపు వ్రాతలు రెండు కుటుంబములకు చెందియున్నవి. మొదటిది పౌరవిమానముల కుటుంబము. వీనికి ముందు ‘వి.టి.’ అను రెండక్షరములు, చిన్నగీత, ఆ పిమ్మట మూడక్షరములు. రాష్ట్రప్రభుత్వముల విమానములును, హెలికాప్టర్లును సాధారణముగా ఈ కుటుంబములోనివే. సరిహద్దు భద్రతాదళమువారి విమానములు గూడ ఇట్టి యక్షరములనే ధరించుచున్నవి. రెండవది సైనిక కుటుంబము. తోకపై కాషాయము, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు. ఒడలిపై నడుమ ఆకుపచ్చ, చుట్టును తెలుపు, వెలుపల కాషాయముగా నుండు చక్రము. దానితో ఒకటి రెండక్షరములు, కొన్ని యంకెలు. ఆంటొనోవ్-32 రవాణా విమానమునకు ‘కె’, హెర్క్యులిస్‌కు ‘కె.సి.’, బరువైన సి-17కు ‘సి.బి.’, హెలికాప్టర్లకు తరచుగా ‘జెడ్’. నౌకాదళము వారిది ‘ఐ.ఎన్.’. తీర రక్షకదళము వారిది ‘సి.జి.’. ఒకే విమానము ఒక కుటుంబము నుండి వేరొక కుటుంబమునకు దత్తు పోవుటయు కలదు. రాష్ట్రపతి, ప్రధానమంత్రుల ప్రయాణమునకై 2020లో వచ్చిన రెండు బోయింగు 777 విమానములు మొదట వి.టి.-ఎ.ఎల్.వి., వి.టి.-ఎ.ఎల్.డబ్ల్యు. అను పౌరనామములతో నుండి, తరువాత వాయుసేన చేత కె-7066, కె-7067 అయినవి. ఇంతమాత్రము తెలిసినవాడు ఆకాశము వైపు చూచి సగము కథ చెప్పగలడు. ఈ నాలుగు మాటలు మన పాఠ్యపుస్తకములలో నున్నవా? మన రేవులలో, బస్సు స్టేషన్లలో, తాలూకా కచేరీలలో ఎక్కడనైన ఒక పలకమీద నున్నవా?

ఈ తీరమునకు ఈ విద్యతో పనియేమి యని కొందరు నవ్వవచ్చును. వారు 1942 ఏప్రిల్ 6వ తేదీని మరచిరి. నాడు జపానువారి ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. ఆ వారములోనే బంగాళాఖాతమున వర్తకనౌకలు పెక్కు మునిగిపోయినవి. పట్టణమును వదలి ప్రజలు వేలకొలది గ్రామములకు తరలిపోయిరి. ఆ విమానముల రెక్కలపై ఎఱ్ఱని సూర్యబింబ ముండెను. ఇంగ్లీషువారి విమానముల గుర్తునందును నడుమ ఎఱ్ఱని చుక్కయే యుండెను. తమవారిని తామే శత్రువులని భ్రమించి కాల్చుకొందు రేమోయన్న భయముతో నా యేడాదినుండియే మన దిక్కున బ్రిటిషు విమానముల చక్రమునుండి ఎఱుపును తుడిచివేసిరి. ఒక రంగుచుక్కకు ప్రాణముల ఖరీదు ఎంతయో సామ్రాజ్యమునకు నాడు తెలిసెను. అదే కాలమున ఇంగ్లండులో విమానముల ఆకారములను, గుర్తులను బొమ్మలతో అచ్చువేసి సామాన్యులకు బోధించిరి; వేలాదిమంది స్వచ్ఛందసేవకులు ఆకాశమును కాచిరి. తన దేశపు ప్రజ చూచి చెప్పిన యెడల అది దేశభక్తి. వలసదేశపు ప్రజ చూచి అడిగిన యెడల అది వదంతి. ఆ పరిపాలన పోయి ఏడు దశాబ్దములు దాటినను ఆ భేదబుద్ధి మన కచేరీలలో నింకను మిగిలియున్నది.

ముంబయిపై 2008లో సముద్రమార్గమున దుండగులు వచ్చి పడిన నాటినుండి మన ప్రభుత్వములు జాలరులను “మీరు తీరమునకు కన్నులు, చెవులు” అని పొగడుచున్నవి. సంతోషమే. కాని కన్నును కోరినవాడు ఆ కంటికి అక్షరము నేర్పవలదా? బారువలో, భావనపాడులో, కళింగపట్టణములో, చింతపల్లిలో, ముక్కాములో తెల్లవారకమున్నే తెప్ప తోయు మనిషికి తనపై తిరుగు విమానము తీరరక్షకులదో, నౌకాదళముదో, పరాయిదేశముదో చెప్పు పాఠమెవరు చెప్పిరి? మన జిల్లాల జాలరులు పొట్టచేత పట్టుకొని గుజరాతులోని వేరావల్ వరకు పోవుచున్నారు. 2018లో అట్లు పోయినవారు పాకిస్తాను చెఱలో పడి, 2020 జనవరిలో 20 మంది విడుదలయి ఇండ్లకు చేరిరి. గీతలు లేని సముద్రముపై బ్రతుకువానికి గుర్తులే సరిహద్దురాళ్ళు. నౌక గుర్తు, జెండా గుర్తు, విమానపు గుర్తు వానికి నేర్పుట దయాధర్మము గాదు. వానిని కన్నులుగా వాడుకొను ప్రభుత్వమునకు అది ఋణము.

ఇక 2016 జూలై 22వ తేదీని తలచుకొనుడు. ఆ దినమున తాంబరమునుండి పోర్టుబ్లేయరునకు బయలుదేరిన వాయుసేన ఆంటొనోవ్-32 విమానము బంగాళాఖాతముపై అదృశ్యమయ్యెను. దాని నంబరు కె-2743. అందున్న 29 మందిలో ఎనమండ్రుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు సామాన్యోద్యోగులు. ఓడలు వెదకినవి, విమానములు వెదకినవి, ఏమియు దొరకలేదు. ఏడున్నర సంవత్సరముల పిమ్మట, 2024 జనవరిలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలాంతర్యంత్రము చెన్నపట్టణపు తీరమునకు సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరమున, 3,400 మీటర్ల లోతున తీసిన చిత్రములలో విమానశకలములు కనబడినవని రక్షణశాఖ ప్రకటించెను. గుర్తించినది ఎట్లు? ఆ ఆకారములు ఆంటొనోవ్-32తో సరిపోయినవి. ఆ ప్రదేశమున వేరొక విమానము తప్పిపోయిన దాఖలా లేదు. కావున ఇది కె-2743 కావచ్చును అని. అనగా ప్రభుత్వమంతటిదియు చివరకు చేసినది పొలములోని రైతు చేయదలచినదే: ఆకారము చూచుట, పోల్చుట, మిగిలిన వానిని త్రోసిపుచ్చుట, పేరు చెప్పుట. సముద్రగర్భమున ప్రభుత్వమునకు పనికివచ్చిన విద్య సముద్రముపై జాలరికి పనికిరాదా? రేపు నీటిపై ఒక రెక్కముక్క తేలివచ్చినచో దానిని మొదట చూచువాడు శాస్త్రజ్ఞుడు గాడు, వలవాడు. ముక్కమీద ‘కె’ అను నక్షరమున్నచో అది ఎవరికి వార్తయో వానికి తెలిసియుండిన, ఎనిమిది ఇండ్ల నిరీక్షణలో కొన్ని దినములైనను తగ్గునేమో. తగ్గదని ఎవరు చెప్పగలరు?

భూమిపై జరిగిన కథయు మనము మరువరాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన నాటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో తప్పిపోయెను. అది ప్రభుత్వపు సొంత వాహనము, దానిపేరు వి.టి.-ఎ.పి.జి. మరునాటి వరకు జాడ తెలియలేదు. లోపలి ఐదుగురును మరణించిరి. అంతకు ముందు 2002 మార్చి 3వ తేదీన లోక్‌సభాధ్యక్షుడు బాలయోగి కైకలూరు సమీపమున కూలిన హెలికాప్టరులో మరణించెను. అది ప్రైవేటువారి హెలికాప్టరు. ఇచ్చట మరియొక చిక్కు కలదు. ప్రభుత్వపు పని మీద ఎగురునదంతయు ప్రభుత్వపు గుర్తు ధరింపదు. అద్దె విమానమున మంత్రి వచ్చును, అధికారి వచ్చును. తోకమీది అక్షరములు ఏదో కంపెనీ పేరు చెప్పును. అద్దె మాత్రము ఖజానానుండి పోవును. విమానము దిగుటకు పొలమును చదును చేయించినప్పుడు రైతునకు తెలియును, లెక్క వ్రాసినప్పుడు తెలియదు. ఇట్టిచోట తోకనంబరును చదువగల పౌరుడు ఒక్కడే నిజమైన ఆడిటరు. వాడు తేదీయు, నంబరును వ్రాసికొని వచ్చి “ఈ దినము ఇది ఎవరి ఖర్చున ఎగిరినది?” అని అడిగినచో సమాధానము ఉండి తీరవలయును.

ఈ ప్రశ్నను మన రెండు జిల్లాలవారు గట్టిగా అడుగుటకు ప్రత్యేకమైన హేతువు కలదు. దేశమందలి పౌరవిమానముల పట్టిక ఏ శాఖ చేతిలో నున్నదో ఆ శాఖకు 2014 మే నుండి 2018 మార్చి వరకు మంత్రి విజయనగరపు పూసపాటి అశోక గజపతిరాజు. 2024 జూన్‌లో ఆ శాఖనే చేపట్టినది శ్రీకాకుళపు కింజరాపు రామమోహననాయుడు. పదియేండ్లలో రెండుమార్లు విమానశాఖ తాళపుచెవి మన యింటికి వచ్చినది. భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేర అంతర్జాతీయ విమానాశ్రయము లేచినది. దానికై తరతరముల పొలమును, తోటను విడిచిన కుటుంబములు మనలో నున్నవి. అయినను ఆ పట్టికను ఒక్క తెలుగక్షరములో చూచిన పుణ్యాత్ముడు ఈ రెండు జిల్లాలలో నున్నాడా? భూమి ఇచ్చినవాడు తెలుగువాడు, మంత్రి తెలుగువాడు, పేరు తెలుగు వీరునిది. పట్టిక మాత్రము ఆంగ్లము! సవరలకు వారి నుడిలోనే చదువు చెప్పవలెనని వాచకములు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టినది శ్రీముఖలింగము చెంతనే. ఆయన పుట్టిన గడ్డపై ఇది సిగ్గుచేటు.

ఇప్పుడు ఆ మొదటి రెండక్షరముల సంగతి. ‘వి.టి.’ యనగా ‘వైస్రాయి టెరిటరీ’, ‘విక్టోరియా టెరిటరీ’ యని చాలమంది నమ్మి కోపించుచున్నారు. ఆ మాట పార్లమెంటులోను, 2022లో ఢిల్లీ హైకోర్టునందును వినవచ్చెను. కోపము మంచిదే గాని దాని పునాది సరిగా నుండవలయును. 1927లో వాషింగ్టనున జరిగిన రేడియో మహాసభ దేశములకు అక్షరములు పంచినప్పుడు బ్రిటిషు వలసలకు చాలవరకు ‘వి’ వరుసనే కేటాయించిరి; ఆ వరుసలో భారతదేశమునకు వచ్చిన వాటా ‘వి.టి.’ నుండి ‘వి.డబ్ల్యు.’ వరకు. వైస్రాయి పేరునకు అది సంక్షిప్తము గాదు. అయినను అవమానము తగ్గదు. ఒక యజమాని తన మందలోని పశువులన్నింటికి వరుసగా కాల్చిన వాత వంటిది ఆ ‘వి’. ‘ఐ’ ఇటలీ వారిది గనుక, ‘బి’ చైనా వారిది గనుక మనకు కోరిన యక్షరము దొరకదని చెప్పువారు కలరు. వారు సగము మాట చెప్పి ఊరకున్నారు. ‘ఎ.టి.’ నుండి ‘ఎ.డబ్ల్యు.’ వరకును, ‘8టి’ నుండి ‘8వై’ వరకును గల రేడియో వరుసలు నేడు భారతదేశపు సొత్తే. పాకిస్తాను ‘ఎ.పి.’ తీసికొన్నది. సింహళము ‘వి’ వరుసను విడిచి ‘4ఆర్’ వ్రాసికొన్నది. వారికి చేతనైనది మనకు చేతగాదా? ఆస్ట్రేలియా ఇప్పటికిని ‘వి.హెచ్.’ అనియే వ్రాసికొనుచున్నదందురు. తన జెండా మూలన ఇంగ్లండు జెండాను దాచుకొన్న దేశము మనకు మార్గదర్శి యగునా? మన వాయుసేన 1950లో ‘రాయల్’ అను మకుటమును తీసివేసి త్రివర్ణచక్రము ధరించినది. 1934 నాటి విమానచట్టమును తీసివేసి ‘భారతీయ వాయుయాన్ అధినియమ్’ అని పేరు పెట్టి 2025 జనవరి 1వ తేదీనుండి అమలు చేసిరి. చట్టపు అట్టమీద భారతీయత, విమానపు తోకమీద వలసవాత! రంగు మార్చినంతమాత్రమున నక్క పులి యగునా?

మార్పునకు ఖర్చగునందురు. విమానములకు కొన్నియేండ్ల కొకమారు ఎట్లును రంగు వేయక తప్పదు. ఆ క్రమములో, ముందుగా ప్రకటించిన గడువులో, మెల్లగా మార్చవచ్చును. పత్రములు, ఒప్పందములు మార్చుట శ్రమయే. కాని స్వరాజ్యమే శ్రమ లేకుండ వచ్చినదా?

మా మాటకు పెద్ద యాక్షేపణ మరియొకటి కలదు. “ఇది దేశరక్షణకు సంబంధించినది. ప్రజలు విమానముల నంబర్లు వ్రాసికొనుట అపాయము” అందురు. ఈ వాదమును మేము తేలికగా తీసివేయము. యుద్ధవేళ విమానము ఎచ్చటికి పోవుచున్నది, ఏమి మోయుచున్నది, ఎన్ని కలవు అనునవి రహస్యములే. వానిని చాటువాడు ద్రోహియే. కాని తోకమీది నంబరు రహస్యము గాదు. దూరమునుండి చదువబడుట కొరకే దానిని అంత పెద్దదిగా వ్రాసిరి. 1944 నాటి చికాగో ఒప్పందమునందలి 21వ అధికరణము ప్రకారము, ఏ దేశమైనను అడిగినచో మన పట్టికలోని విమానము ఎవరి యాజమాన్యమున నున్నదో మనము తెలుపవలయును. పరదేశపు ప్రభుత్వమునకు చెప్పుటకు ఒప్పుకొన్న మాటను సొంతదేశపు పౌరునకు చెప్పుటకు భయమెందులకు?

రక్షణకు కీడు చేయునది ప్రజల చూపు గాదు, చూపు లేమియే. 1995 డిసెంబరు 17వ తేదీ రాత్రి బంగాళములోని పురూలియా గ్రామములపై ఒక విదేశీ ఆంటొనోవ్-26 విమానము తుపాకుల పెట్టెలను జారవిడిచెను. అది దొంగచాటుగా ఎగిరి వచ్చినది గాదు. మన విమానాశ్రయములందే దిగి, ఇంధనము నింపుకొని పోయినది. ఆయుధములు నేలమీద దొరికిన పిమ్మట గాని దానిని పట్టవలెనన్న బుద్ధి పుట్టలేదు. కొలదిదినములకు తిరిగి మన యాకాశమునకు వచ్చినప్పుడు దానిని బొంబాయిలో బలవంతముగ దించిరి. దాని ఒడలిపై అక్షరములు మొదటినుండియు నుండెను. చదివి ప్రశ్నించినవాడు లేకపోయెను.

ఇందుకు భిన్నముగా 2001 అక్టోబరులో కరాచీ విమానాశ్రయమున అర్ధరాత్రివేళ ఒక మనుష్యుని బంధించి ఎక్కించుకొనిపోయిన విమానపు నంబరు ఎన్379పి అని పాకిస్తాను పత్రిక ఒకటి ప్రకటించెను. ఆ ఒక్క నంబరును పట్టుకొని లోకమందలి పాత్రికేయులును, విమానాశ్రయముల వెలుపల నిలుచుండి విమానములు చూచు ఔత్సాహికులును దారమును లాగిరి. చివరకు అది అమెరికా గూఢచారి సంస్థవారి రహస్య రవాణా యని బయటపడి, 2007లో ఐరోపా పార్లమెంటు అట్టి యాత్రలపై నివేదిక నామోదించెను. పేరులేని ప్రభుత్వమునకు నంబరు పేరు పెట్టినది. అదే 2001లో గ్రీసుదేశమున విమానములు చూచి నంబర్లు వ్రాసికొన్న బ్రిటిషు, డచ్చి యాత్రికులను గూఢచారులని పట్టుకొనిరి. 2002 ఏప్రిల్‌లో శిక్ష వేసిరి. నవంబరులో అప్పీలుకోర్టు వారిని నిర్దోషులని విడిచెను. నంబరు చదువుటను నేరముగా చూచిన ప్రభుత్వము లోకము ముందు నవ్వులపాలయ్యెను. మన అధికారులు ఈ రెండు కథలను చదువుకొని తమకు ఏది గౌరవమో నిర్ణయించుకొందురు గాక.

కావున మేము కోరునవి ఇవి. పౌరవిమానముల పట్టికను యజమాని పేరుతో తెలుగున ప్రకటింపవలయును. రాష్ట్రప్రభుత్వము తన సొంత విమానములనే గాక, అద్దెకు తీసికొనువాని నంబరు, తేదీ, ప్రయాణికుడు, అద్దె మూడునెలల కొకమారు ప్రకటింపవలయును. ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వరకు ప్రతి రేవులోను విమానముల గుర్తులను బొమ్మలతో తెలుపు పలక నిలుపవలయును. మెరైను పోలీసులు దానిని జాలరులకు బోధింపవలయును. తెలియని విమానమును చూచి నంబరుతో కబురు చేసిన పౌరునకు, రక్షణకు భంగము లేనంతవరకు, వ్రాతమూలకమైన జవాబు పంపవలయును. వానిని అనుమానితునిగా కూర్చుండబెట్టరాదు. ‘వి.టి.’ని విడిచి మన సొంతవరుసనుండి ఒక గుర్తును ఎన్నుకొనుటకు గడువు నిర్ణయింపవలయును. వీనిలో దేనికిని కోట్లు అక్కరలేదు. చివరిదానికి తప్ప మిగిలినవానికి ఢిల్లీవరకు పోవలసినంత బరువును లేదు.

ప్రభుత్వము చేయువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుమని మేము చెప్పము. ఉపాధ్యాయులారా, నల్లబల్లపై ఒక తోక గీసి అక్షరములు వ్రాయించుడు. గ్రంథాలయముల వారలారా, గోడపై ఒక పటము వ్రేలాడదీయుడు. యువకులారా, భోగాపురపు దారిలో నిలిచి విమానపు సొగసును చూచి చప్పట్లు కొట్టి మరలిపోక, దాని నంబరు చదువుడు, ఎవరిదని అడుగుడు, జవాబు రానిచో మరల అడుగుడు. తల యెత్తి చదువగలిగిన ప్రజకు ఏ ప్రభుత్వమైనను జవాబు చెప్పక తప్పదు.